నేను మింగిన మూడు వాక్యాలు

ఈ ఉదయం ఒక తప్పు చేశాను. పైకి చూస్తే పెద్దదేమీ కాదు. ఇంటికి వచ్చిన మనిషికి ఒక అబద్ధం చెప్పాను. కానీ అది నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే భయం వేసింది. పదకొండేళ్ల కిందట చెప్పింది కూడా ఇంత సులువుగానే వచ్చింది. ఆ పాతదాన్ని కాపాడుకోవడానికే ఈ కొత్తది చెప్పాను.

పదకొండేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. మా అమ్మ తెలియకుండానే పోయింది. మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం చూడరు, అందుకే చెప్పగలుగుతున్నానేమో. అది కూడా పిరికితనమే, నాకు తెలుసు.

వచ్చినావిడ కాసిడీహ్‌లో పిల్లలకు తెలుగు చెప్పే టీచరమ్మ. మా బస్తీ ఎలా పుట్టిందో, ఎవరు ముందు వచ్చారో రాసి పెడదామని ఆమె ఆశ. మా బస్తీ అంటే బాగ్‌బేరాలో రైల్వే యార్డు దాటాక, ఖర్కాయి నది వైపు నాలుగు వరసల ఇళ్లు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ ఈ హిందీ ఊరికి వచ్చి, కొందరు ఉక్కు కార్ఖానాలో, కొందరు రైల్వేలో, ఎక్కువమంది ఠేకేదార్ల దగ్గర, అంటే కాంట్రాక్టర్ల కింద కూలికి చేరి, ఇక తిరిగి వెళ్లకుండా ఉండిపోయినవాళ్లం.

"బాబాయ్, మీ నాన్నగారి బుక్కు మీ దగ్గరే ఉందట. ఒక్కసారి చూపిస్తారా?" అంది.

"చెదలు తినేశాయమ్మా," అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. "ఒక్క పేజీ కూడా మిగల్లేదా?"

"లేదు."

ఆ మాట అంటున్నప్పుడు నేను ఒక ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాను. బుక్కు ఆ పెట్టెలోనే ఉంది.

ఆ బుక్కు గురించి చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

మా నాన్న యార్డులో ఖలాసీ. బస్తీలో చదువు వచ్చిన మొదటి మనిషి. ఆఫీసులో పారేసిన ఒక పెద్ద రిజిస్టరు తెచ్చి, వెనకవైపు ఖాళీగా ఉన్న కాగితాల మీద బస్తీ సంగతులు రాసేవాడు. ఏ ఇంటివాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరికి ఎప్పుడు బిడ్డ పుట్టింది, బావి ఎవరెవరు కలిసి తవ్వారు, తగాదాలో ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారు. ఎవరైనా ఇద్దరు మాట మీద పేచీ పడితే పెద్దలు ఒకటే అనేవారు: "బుక్కు సూడండి." నాన్న తెరిచి చదివేవాడు. అంతటితో పేచీ అయిపోయేది. పోలీసుల దగ్గరికీ, కోర్టుకీ మా వాళ్లు వెళ్లింది చాలా తక్కువ.

నాన్నది గొలుసుకట్టు రాత. ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మెడకు చుట్టుకుని, కలం ఎత్తకుండా వాక్యమంతా పాకినట్టు ఉంటుంది. అచ్చు అక్షరాలు నేర్చినవాళ్లకు అందులో ఒక్క మాట కూడా తెలియదు. నాకు మాత్రం చిన్నప్పుడు యార్డు సుద్దముక్కతో నేల మీద రాసి నేర్పాడు. ఆయన పోయాక బుక్కు నాకు వచ్చింది. పెద్దవాళ్లకు చదువు రాదు. కుర్రవాళ్లకు హిందీ తప్ప ఏదీ చదవడం రాదు. అంటే మా బస్తీ మొత్తంలో ఆ బుక్కు చదవగలిగినవాడిని నేనొక్కడినే. నేను ఏం చదివితే అందులో అది ఉన్నట్టు.

అప్పుడు అదొక గౌరవంలా ఉండేది. గూడ్సు ఆఫీసులో నేనొక గుమస్తాని. అక్కడ నన్ను పిలిచి కుర్చీ వేసినవాళ్లు ఎవరూ లేరు. బస్తీలో వేసేవారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది మావాళ్లు ఒక హాలు కట్టాలనుకున్నారు. పెళ్లిళ్లకు, మీటింగులకు, పిల్లలకు తెలుగు చెప్పడానికి. నేను సెక్రటరీని. సూర్నారాయణ మావ ప్రెసిడెంటు. ఆయన కార్ఖానాలో మిస్త్రీ, నవ్వుతూ నవ్వుతూ పని చేయించుకునే మనిషి. స్థలం అమ్మవారి గుడి పక్కనే దొరికింది. ఒక్కటే అడ్డం. గుడికి ఆనుకుని నర్సమ్మ అత్త గుడిసె ఉంది.

అప్పలనర్సమ్మ నాకు చుట్టం కాదు. నాన్నను "అన్నా" అనేది కాబట్టి నేను "అత్తా" అనేవాణ్ని. మొగుడు యార్డులో షంటింగు చేస్తుంటే రైలు పెట్టెల మధ్య పడి చనిపోయాడు. పిల్లలు లేరు. ఇరవై ఏళ్లు రేజా పని చేసింది, తల మీద ఇటుకలు, ఇసుక మోసింది. నడుం పోయాక గుడి ఊడ్చుకుంటూ, వేపపుల్లలు అమ్ముకుంటూ ఉండేది. ఏడాదంతా ఎవరూ ఆమెను పట్టించుకునేవారు కాదు. ఒక్క రోజు తప్ప. పైడితల్లి పండగనాడు బస్తీ ఆడవాళ్లందరూ ఘటాలు ఎత్తుకుని నదికి వెళ్తారు. పసుపు పూసిన కుండ, వేపరెమ్మలు, పైన దీపం. అందరికంటే ముందు నడిచేది నర్సమ్మ అత్త. తొలి ఘటం ఆమెది. డప్పులవాళ్లు ఆమె అడుగు చూసి దెబ్బ వేసేవారు. ఆ రోజు ఆమె నడుం వంగేది కాదు.

ఎందుకు ఆమెది? ఊళ్లో అమ్మవారి దగ్గరి మట్టి కొంగున కట్టుకుని రైలెక్కి వచ్చింది ఆమే కాబట్టి. ఇది పెద్దవాళ్లకు తెలుసు. కానీ ఆ పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. మిగిలినవాళ్లకు సగం గుర్తు, సగం మరుపు.

ఆ గుడిసె సంగతి తేల్చడానికి బస్తీ మీటింగు పెట్టారు. దానికి ముందు రోజు సూర్నారాయణ మావ మా ఇంటికి వచ్చాడు. టీ తాగాడు. "హాలుకి మీ నాయిన పేరెట్టేద్దామని కమిటీ అనుకుంతంది. రాయి మీద సెక్కిత్తాం. ఆయన బుక్కు లేకపోతే ఈ బస్తీ ఏటి, మనమేటి?" అన్నాడు. లేస్తూ, చెప్పులు వేసుకుంటూ, "ఆ ముసిల్ది రేపు బుక్కు తియ్యమంటాది. అందులో ఏటుందో నీకే కదేటి తెలుసు," అని నవ్వి వెళ్లిపోయాడు.

అంతే. అబద్ధం చదవమని ఆయన నన్ను అడగలేదు. ఈ పదకొండేళ్లలో ఎన్నోసార్లు ఆ తప్పును ఆయన మీదికి తోసేద్దామని చూశాను. కుదరలేదు. ఆయన తలుపు చూపించాడు, అంతే. లోపలికి వెళ్లింది నేను.

ఆ సాయంత్రం బుక్కు తీసి చూశాను. పేజీ దొరికింది. నాన్న రాసింది ఇదీ:

"ఈ దినము మన బస్తీలో పైడితల్లిని నిలిపినాము. ఊరి మట్టి తెచ్చినది అప్పలనర్సమ్మ. తొలి ఘటము ఆమెది. ఆమె బతికియున్నంత కాలము అమ్మవారి పక్క ఇల్లు ఆమెది. ఇది అందరి మాట."

ఐదు వాక్యాలు. పేజీ అంచున ఒక పసుపు మరక. ఎందుకుందో అప్పుడు నాకు తెలియదు.

మర్నాడు ఆదివారం. గుడి ముందు దుప్పట్లు పరిచారు. యాభై మంది దాకా ఉంటారు. విషయం చెప్పగానే నర్సమ్మ అత్త లేచి నిలబడింది.

"నా ఇల్లు తీయించీడానికి మీరెవరు? పెద్దలు మాటిచ్చినారు. బుక్కులో ఉంది."

"బుక్కులో నీ మొగుడి పేరు కూడా ఉంటాదేటి, నర్సమ్మా? ఆడినీ లేపి నిలబెట్టీమంటావా?" అన్నాడు వెనక నుంచి సన్యాసి. జనం నవ్వారు.

"నవ్వరా, నవ్వు. నీ పెళ్లికి పందిరి రాట పాతింది ఈ సెయ్యే. నీకు సిగ్గేస్తే నీ పెళ్లాన్నడుగు," అంది. మళ్లీ నవ్వారు, ఈసారి సన్యాసి మీద. ఆమె కూడా నవ్వింది. అప్పటికి ఆమెకు భయం లేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"సదువు బాబూ. మీ నాయిన రాత్తన్నప్పుడు నాను పక్కనే కూకున్నాను."

బుక్కుకు చుట్టిన గుడ్డ విప్పాను. పేజీ తీశాను. గొంతు సవరించుకున్నాను. ఆ క్షణంలో కూడా ఏం చేయబోతున్నానో నాకు పూర్తిగా తెలియదంటే మీరు నమ్ముతారా? నేనైతే నమ్మను. తెలుసు. రాయి మీద చెక్కిన నాన్న పేరు నాకు కనబడుతూనే ఉంది.

"ఈ దినము మన బస్తీలో పైడితల్లిని నిలిపినాము," అని చదివాను. ఆగాను. "ఇది అందరి మాట."

మొదటిది చదివాను, చివరిది చదివాను. మధ్యలో మూడు వాక్యాలు మింగేశాను. నేను చదివినదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకోగలగడం కోసమే అలా చదివానేమో.

"ఇంకోసారి సూడు బాబూ," అంది నర్సమ్మ అత్త. "నా పేరుండాల."

చూశాను. కళ్లు దించి ఆమె పేరు మీదే పెట్టాను. నాన్న 'ప్ప' వత్తును ఎప్పుడూ పెద్ద సున్నాలా చుట్టేవాడు. అది కూడా కనబడింది.

"లేదత్తా," అన్నాను.

ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను చూసి, "నాను అచ్చరం తెలీని దాన్ని. మీ నాయిన కొడుకువి. నువ్వు లేదంతే లేదు," అంది. కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే గుడిసె తీసేశారు. భాలుబాసాలో ఆమె చెల్లెలి కొడుకు ఉంటే అక్కడికి వెళ్లింది. పెట్టె లేదు, మంచం లేదు. ఒక మూట, దాని మీద బోర్లించిన పసుపు కుండ. హాలు కట్టాం. గుమ్మం పక్కన రాయి మీద నాన్న పేరు చెక్కించాం. కొబ్బరికాయ నేనే కొట్టాను. అబద్ధం ఎరగని నాన్న పేరు, ఆయన రాసిన మాటను చంపి మరీ, రాయి మీదికి ఎక్కించాను. ఇలాంటి కొడుకు ఇంకొకడు ఉంటాడా?

ఆ ఏడు పండక్కి తొలి ఘటం సూర్నారాయణ మావ పెళ్లాం ఎత్తింది. నది దగ్గర జనంలో నిలబడ్డాను. మాకు చాలా దూరంగా, దిగువన, ఒక మనిషి ఒక్కతే నీళ్లలోకి దిగడం కనబడింది. తల మీద కుండ. డప్పు లేదు, దీపం ఉందో లేదో ఆ దూరానికి తెలియలేదు. నడుం మాత్రం వంగి ఉంది. ఎవరో నాకు తెలుసు. తల తిప్పుకున్నాను.

ఇంతవరకే అయితే ఏదో ఒకలా బతికేసేవాణ్నేమో. ఒక ముసలామె ఇల్లు పోయింది, ఒక మర్యాద పోయింది, లోకంలో ఎంతమందికి పోవడం లేదు అని. మనిషి తనను తాను ఎంతవరకైనా సర్దుకోగలడు. నన్ను ఇక సర్దుకోనివ్వనిది ఇంకొకటి ఉంది.

మరో రెండేళ్లకు సాక్చీ బజార్లో కూరగాయలకు వెళ్లాను. మలుపులో గోనెసంచి పరుచుకుని వేపపుల్లలు అమ్ముతూ కనబడింది. పక్కకు తప్పుకుందామనుకున్నాను, ఈలోపే చూసేసింది.

"బాబూ! బాగున్నావా? మీ అమ్మ బాగుందా?" ఒక కట్ట తీసి నా సంచిలో పడేసింది. వద్దన్నా వినలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది. గొంతు బాగా తగ్గించింది.

"ఒక్క మాట సెప్పు బాబూ. నాను ఎవుళినీ అడగనేదు. సిగ్గు. ఆ దినం నాను అమ్మోరికి పసుపు నూరతన్నాను. మీ నాయిన రాత్తంటే వంగి సూసినాను, సెయ్యి కాయితానికి అంటీసింది. ఓసి నీ పసుపు తగలెయ్యా అని కసిరినాడు. ఆ మరకైనా ఉందా బాబూ? అదీ లేదేటి?"

సంచిలో పడిన వేపపుల్లల కట్టను సర్దుకున్నాను.

"అదీ లేదంతే," అంది, "మరి నాను మొత్తం కలగన్నానేటి? మట్టి తెచ్చింది నాను కాదేటి? రైల్లో ఆ మూట వొళ్లో ఎట్టుకుని వొచ్చింది ఎవురు? నాకు తల సెడిపోతంది బాబూ. జ్ఞాపకాలన్నీ అబద్దాలేటో అని బయమేత్తంది. మా ఆయన మొకం కూడా అబద్దమేటో."

మీకు అర్థమైందా నేను ఏం చేశానో? ఇల్లు తీసుకున్నాననుకున్నాను. ఘటం తీసుకున్నాననుకున్నాను. నేను తీసుకున్నది ఆమె గడిపిన బతుకు. బుక్కులో లేదని నేనంటే, తన తలలో ఉన్నదే తప్పని నమ్మింది. నా మీద అనుమానం ఆమెకు ఒక్కసారి కూడా రాలేదు. తన మీదే వచ్చింది.

ఒక్క మాట చాలు. ఉంది అత్తా, మరక ఉంది. ఆ బజారు గోలలో ఇంకెవరూ వినేవారు కాదు. నా రాయికి, నా సెక్రటరీ కుర్చీకి ఏమీ అయ్యేది కాదు. అయినా నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదు? మరక ఉందంటే పేరూ ఉందని అవుతుంది. పేరు ఉందంటే నేనెలాంటివాణ్నో తేలిపోతుంది.

"గుర్తు లేదత్తా. ఇంటికెళ్లి చూసి చెప్తాను," అన్నాను.

"సూడు బాబూ. బేగి సెప్పు," అంది.

ఆ తర్వాత కూరగాయలకు సాక్చీ వెళ్లలేదు. జుగ్సలాయి వెళ్లేవాణ్ని. ఆ వానాకాలం వెళ్లేలోపు ఆమె చెల్లెలి కొడుకు బస్తీకి వచ్చి, జ్వరంతో పోయిందని, నది ఒడ్డుకు తీసుకెళ్లేశామని చెప్పి వెళ్లాడు. పోయేముందు ఆమె ఎవరి కోసమైనా ఎదురుచూసిందా అని అడగాలనుకున్నాను. అడగలేదు. జవాబు నాకు తెలుసు.

బుక్కును కాల్చేద్దామని ఒకసారి పొయ్యి దాకా తీసుకెళ్లాను. చేతకాలేదు. మంచితనం వల్ల కాదు. అది కాలిపోతే, ఆమె నిజం చెప్పిందని తెలిసినవాణ్ని ఈ భూమి మీద నేనొక్కణ్నే మిగులుతాను. దానికి భయపడ్డాను.

ఇక్కడివరకు ఆదివారం రాశాను. కాగితాలు మడిచి ట్రంకు పెట్టెలో, బుక్కు మీదే పెట్టాను. ఇది రాస్తే బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక. చెప్పాల్సిన చోటు వేరే ఉంది.

తర్వాతి ఆదివారం కమిటీ మీటింగు. పండగ ఏర్పాట్ల గురించి. బుక్కు చంకలో పెట్టుకుని వెళ్లాను. సూర్నారాయణ మావ ఇప్పుడు లేడు, ఆయన కొడుకు ప్రెసిడెంటు. అందరూ టీ గ్లాసులు పట్టుకుని ఉండగా లేచి నిలబడి ఐదు వాక్యాలూ చదివాను. మధ్యలో మూడు రెండుసార్లు చదివాను. తర్వాత నేను చేసింది చెప్పాను. సాక్చీలో ఆమె అడిగింది కూడా.

ఎవరూ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. సన్యాసి గ్లాసు కింద పెట్టాడు. "నవ్వీసినాన్రా ఆ రోజు. నవ్వీసినాను," అన్నాడు, నాతో కాదు. గుమ్మం దగ్గర కూర్చున్న ముసలామె ఒకతె నా వైపు చూసి, "మీ నాయిన కడుపున ఎలా పుట్టినావురా నువ్వు," అంది. ప్రెసిడెంటు కుర్రాడు చేత్తో గాలిని పక్కకు తోసి, "ఛోడియే న చాచా, పురానీ బాత్ హై," అన్నాడు. వదిలెయ్యండి, పాత సంగతి అని. తర్వాత డప్పులవాళ్ల సంగతి మాట్లాడుకున్నారు. నాన్న పేరున్న రాయి తీసేయమని అడిగాను. గోడ పాడవుతుందన్నారు. సెక్రటరీ పుస్తకాలు మాత్రం బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఎవరూ ఆపలేదు. అది సరిగ్గానే ఉంది.

ఆ పేజీలో నాన్న రాత కింద జాగా ఉంది. అక్కడ గుండ్రటి అక్షరాలతో, ఎవరైనా చదవగలిగేలా, ఫలానా ఏడు నేను ఈ మూడు వాక్యాలు చదవకుండా దాచాను, అప్పలనర్సమ్మ చెప్పింది నిజం, అని రాశాను. కింద అదే మాట హిందీలో రాశాను, కుర్రవాళ్ల కోసం. నా పేరు రాశాను. ఇక్కడ మీకు చెప్పని పేరు అక్కడ ఉంది.

తర్వాత నడుచుకుంటూ కాసిడీహ్ వెళ్లి బుక్కు టీచరమ్మ చేతిలో పెట్టాను. "చెదలు తినలేదమ్మా. అబద్ధం చెప్పాను," అన్నాను. ఆమె బుక్కును రెండు చేతులతో అందుకుంది. ఇప్పుడు రోజూ డ్యూటీ దిగాక వెళ్లి, నాన్న నాకు నేర్పినట్టే, ఆ రాత ఆమెకు నేర్పుతున్నాను. ఇక ఆ బుక్కు చదవడానికి ఎవరికీ నా అవసరం ఉండకూడదు.

మొదటి రోజు ఆ పేజీయే తీశాను. ఆమె వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరాన్ని తోక నుంచి విడదీసుకుంటూ, చాలాసేపటికి "అప్పల... నర్సమ్మ" అని చదివింది. తర్వాత వేలు అంచు దగ్గర ఆగింది.

"ఇదేంటి బాబాయ్, ఏదో మరకలా ఉంది?"

"పసుపమ్మా," అన్నాను. "ఆవిడ చెయ్యి తగిలింది."